బిరుదు కొడుకులకి, ఆస్తి కోడళ్లతో: డెర్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల ఇళ్లు

ఇంగ్లాండ్‌లో డెర్బీషైర్‌లో ఉన్న చాట్స్‌వర్త్ అనే పెద్ద ఇంటికి వెళ్తున్నాం అని ఎవరు చెప్పినా నేను ముందు చెప్పేది ఒకటే, ఫస్ట్ హార్డ్‌విక్ హాల్ చూసి తర్వాత చాట్స్‌వర్త్‌కి వెళ్లండి. చాలామంది మాంచెస్టర్ నుంచో లండన్ నుంచో ఒక్కరోజులో వచ్చి గార్డెన్‌లో ఫోటోలు దిగి, ఫౌంటెన్ చూసి వెళ్లిపోతారు. బానే ఉంటుంది, కానీ ఆ ఇల్లు ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో తెలుసుకుని చూస్తే అదే ఇల్లు ఇంకోలా కనిపిస్తుంది. ఆ ఇంటివాళ్ల డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ అనే బిరుదు (రాజు ఇచ్చే బిరుదుల్లో డ్యూక్ అన్నిటికన్నా పెద్దది) 1694 నుంచి ఒకే కావెండిష్ కుటుంబంలో నడుస్తోంది, 2004లో బిరుదు వచ్చినాయన 12వ డ్యూక్. పేరులో డెవన్‌షైర్ ఉన్నా వాళ్ల ఇల్లు మాత్రం డెర్బీషైర్‌లో.

మేం అమ్మానాన్నలని తీసుకుని వెళ్లాం, బేక్‌వెల్‌లో దిగాం. ఊరు చిన్నది, నది పక్కన నడక బాగుంటుంది, బేక్‌వెల్ పుడ్డింగ్ ఒకసారి తినొచ్చు (బాదం, గుడ్డు, జామ్, బాగా తీపి). మేం తీసుకున్న బీ అండ్ బీ (రూమ్, పొద్దున టిఫిన్ ఇచ్చే ఇల్లు) లో మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మ మోకాళ్ల నొప్పి గురించి ముందే మెయిల్ పెట్టినా పై అంతస్తు రూమే ఇచ్చారు, రాత్రి హీటింగ్ కూడా సరిగా రాలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ ఉందని రాతపూర్వకంగా చెప్పించుకోండి. కారు ఉంటే చాలా సుఖం. లేకపోతే షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ బస్సు చాట్స్‌వర్త్ మీదుగానే వెళ్తుంది. హార్డ్‌విక్‌కి మాత్రం బస్సు నమ్ముకోవద్దు, ఎమ్1 మోటార్‌వే పక్కనే కాబట్టి కారు లేదా చెస్టర్‌ఫీల్డ్ స్టేషన్ నుంచి టాక్సీ.

హార్డ్‌విక్ ఎందుకు ముందు అంటే ఈ కథ అంతా ఒక ఆవిడతో మొదలైంది. బెస్ ఆఫ్ హార్డ్‌విక్. నాలుగు పెళ్లిళ్లు చేసుకుంది, ప్రతి భర్త పోయినప్పుడూ ఆస్తి పెంచుకుంటూ వచ్చింది, పిల్లలు మాత్రం రెండో భర్త సర్ విలియం కావెండిష్‌తోనే. చాట్స్‌వర్త్ ఎస్టేట్ 1549లో 600 పౌండ్లకి కొన్నది ఈ దంపతులే, తన సొంత ఊరి వైపు కొందామని పట్టుబట్టింది ఆవిడే అంటారు. నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్ (డ్యూక్ కన్నా కింది బిరుదు), స్కాట్లాండ్ రాణి మేరీని ఏళ్ల తరబడి కాపలాలో ఉంచింది ఆయనే. ఆయన పోయిన 1590లో ఈ కొత్త హాల్ పని నడుస్తూ ఉంది, అప్పటికే బెస్ అరవై దాటిన మనిషి. కారు దిగి తల ఎత్తితే టవర్ల మీద రాతిలో చెక్కిన ఈ, ఎస్ అనే అక్షరాలు ఆకాశంలోకి కనిపిస్తాయి, ఎలిజబెత్ ష్రూస్‌బరీ అని, ఇది నా ఇల్లు అని ఒక ఆడమనిషి నాలుగొందల ఏళ్ల కింద రాయించుకుంది. పై అంతస్తుకి వెళ్లేకొద్దీ కిటికీలు పెద్దవవుతాయి, గోడల కన్నా అద్దాలే ఎక్కువ అని అప్పట్లోనే సామెత పుట్టింది. లోపల లాంగ్ గ్యాలరీలో వెలుతురు తక్కువగా పెడతారు, పాత టేపెస్ట్రీలు (గోడకి వేలాడదీసే బొమ్మల నేత బట్టలు) పాడవకుండా. పాత ఇళ్లని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది ఇది, దాని మెంబర్‌షిప్ ఉంటే ఎంట్రీ ఫ్రీ. గదుల్లో కూర్చునే వాలంటీర్లు ఎంత ఓపిగ్గా చెప్తారో, నాన్న అడిగిన ప్రతిదానికి నేను అనువాదం చేస్తుంటే ఒక పెద్దావిడ మాతోపాటు రెండు గదులు నడిచి మరీ చెప్పింది.

ఇంత చేసినావిడ పేరు మీద ఈ బిరుదు లేదు, రాదు కూడా. పెద్ద కొడుక్కి పెళ్లి ద్వారా పిల్లలు లేరు, రెండో కొడుకు విలియం 1618లో ఎర్ల్ అయ్యాడు. ఆయన వంశంలో నాలుగో ఎర్ల్ 1688లో ఆరెంజ్ విలియంని (డచ్ యువరాజు, తర్వాత ఇంగ్లాండ్ రాజయ్యాడు) ఇంగ్లాండ్‌కి పిలిచిన ఏడుగురిలో ఒకడు, దానికి బహుమతిగా 1694లో డ్యూక్. రాజు ఇచ్చిన పత్రంలో బిరుదు ఆయన మగ సంతతికి మాత్రమే అని ఉంటుంది. కూతుళ్లకి రాదు, పెళ్లి కాకుండా పుట్టిన కొడుక్కి రాదు, దత్తపుత్రుడికీ రాదు. మన సంస్థానాల్లో పిల్లలు లేకపోతే దత్తత తీసుకుని గద్దె ఎక్కించేవాళ్లు, ఇక్కడ అది కుదరదు, కుటుంబంలో వెనక్కి వెళ్లి దగ్గరి మగ శాఖని పట్టుకోవాలి.

చాట్స్‌వర్త్‌లో ఈ రూల్ ఎలా పనిచేసిందో గది గదికీ తెలుస్తుంది. 4వ డ్యూక్ (1756లో ప్రధాని అయ్యాడు) పెళ్లి చేసుకున్నది బర్లింగ్టన్ ఎర్ల్ కూతుర్ని, ఆమెతో యార్క్‌షైర్‌లో బోల్టన్ యాబీ, ఐర్లాండ్‌లో లిస్మోర్ కాజిల్, లండన్‌లో చిస్విక్ హౌస్ అన్నీ ఈ ఇంటికొచ్చాయి. అంటే బిరుదు మగవాళ్ల వరసలో నడిచింది, ఆస్తిలో ఎంతో భాగం కోడలు తెచ్చింది. 5వ డ్యూక్ సంగతి మనసుకి కష్టంగా ఉంటుంది. భార్య జార్జియానాతో 1774లో పెళ్లైతే కొడుకు పుట్టేసరికి 1790, అప్పటిదాకా ఆ పిల్ల మీద ఎంత ఒత్తిడి ఉండుంటుందో. ఈలోపు 1788లో ఆయనకి ఇంకో ఆవిడతో కొడుకు పుట్టాడు, అగస్టస్ క్లిఫర్డ్, వయసులో పెద్దవాడు కానీ పెళ్లి సంతానం కాదు కాబట్టి డ్యూక్ కాలేడు, నేవీలో చేరి తర్వాత పార్లమెంట్‌లో బ్లాక్ రాడ్ అనే పదవి చేశాడు.

1790లో పుట్టిన ఆ బాబే 6వ డ్యూక్, బ్రహ్మచారి డ్యూక్ అంటారు. గార్డెన్‌లో మీరు నోరెళ్లబెట్టి చూసేవాటిలో చాలా ఆయన, ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ కలిసి చేసినవే. రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో ఎంపరర్ ఫౌంటెన్ కట్టించారు, చక్రవర్తి రానే లేదు, నీళ్లు మాత్రం 296 అడుగులు లేచాయని రికార్డ్, మోటార్ లేకుండా కొండ మీద చెరువు నుంచి వచ్చే ఒత్తిడితోనే. మనం మార్కెట్‌లో కొనే కావెండిష్ అరటికి ఆ పేరొచ్చింది కూడా ఈ 6వ డ్యూక్ ఇంటిపేరు నుంచే, పాక్స్‌టన్ దాన్ని ఇక్కడి గ్లాస్‌హౌస్‌లో పెంచాడు. నాన్నది పులివెందుల వైపు, అక్కడ తోటలన్నీ వేసే గ్రాండ్ నైన్ ఆ కావెండిష్ రకమే అని చెప్తే ఆయన ఆ గార్డెన్‌లో అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు.

1858లో ఆ బ్రహ్మచారి పోయాక ఒకే మరణానికి రెండు బిరుదులు రెండు దారుల్లో పోయాయి, నాకు ఈ మొత్తం కథలో ఇదే బాగా నచ్చిన భాగం. డ్యూక్ బిరుదు ఆయన బాబాయి మనవడికి వెళ్లింది. అదే రోజు ఆయన దగ్గరే ఉన్న క్లిఫర్డ్ బ్యారన్ అనే బిరుదు ఆడపిల్లలకి కూడా వచ్చే రకం, నానమ్మ వైపు నుంచి వచ్చింది. దానికి వారసులు ఇద్దరు అక్కలు, కానీ అక్కచెల్లెళ్లలో పెద్దకి అనే లెక్క లేదు, ఇద్దరికీ సమానం, బిరుదుని ముక్కలు చేయలేరు కాబట్టి ఎవరికీ ఇవ్వకుండా అలా ఆపేశారు. 1908లో 8వ డ్యూక్‌కి కూడా పిల్లలు లేకపోతే డ్యూక్ బిరుదు తమ్ముడి కొడుక్కి వెళ్లింది.

చాట్స్‌వర్త్ లోపల చూడ్డానికి వచ్చినవాళ్లందరూ పెయింటెడ్ హాల్ దగ్గర, తలుపు మీద నిజం వయొలిన్ వేలాడుతున్నట్టు గీసిన బొమ్మ దగ్గర ఆగుతారు, ఆగాల్సిందే. కానీ నార్త్ స్కెచ్ గ్యాలరీ వదలొద్దు. గోడ నిండా మట్టి రంగు సిరామిక్ పలకలు, వాటి మీద చిన్న చిన్న దిమ్మలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, దూరం నుంచి ఏదో డిజైన్ అనుకుంటాం, అది 12వ డ్యూక్, డచెస్ (ఆయన భార్య), వాళ్ల కొడుకు, కోడలి డీఎన్‌ఏ ఆధారంగా చేసిన పోర్ట్రెయిట్. పక్కనుంచి వెలుతురు పడితే ఒక్కో దిమ్మకీ నీడ వస్తుంది. పత్రంలో చోటు లేని అత్తా కోడళ్లకి ఈ గోడ మీద మగవాళ్లతో సమానంగా చోటుంది, నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

టికెట్ రేటు గట్టిగానే ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, ఇది నేషనల్ ట్రస్ట్‌ది కాదు కాబట్టి ఆ కార్డు పనికిరాదు. స్టేబుల్స్‌లో (పాత గుర్రపుశాలల్లో) తినడానికి వెజ్ దొరుకుతుంది, మధ్యాహ్నం క్యూ మాత్రం ఓపిక పరీక్షిస్తుంది, మేం పులిహోర తీసుకెళ్లి పార్క్‌లో తిన్నాం.

పార్క్ అవతల ఎడెన్సర్ అనే ఊరుంది, నడిచి వెళ్లిపోవచ్చు, టికెట్ లేదు. చర్చి వెనక ఎత్తులో డ్యూకుల సమాధులు, ఇంత ఆస్తి ఉన్నవాళ్లవి అంటే నమ్మలేనంత సాదాగా. అక్కడ క్యాథ్లీన్ కెన్నెడీ సమాధి ఉంది, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చెల్లెలు. 10వ డ్యూక్ పెద్ద కొడుకు బిల్లీని 1944 మేలో పెళ్లి చేసుకుంది, సెప్టెంబర్‌లో అతను బెల్జియంలో యుద్ధంలో పోయాడు, నాలుగేళ్లకి ఆమె విమాన ప్రమాదంలో పోయింది. పిల్లలు లేరు, అలా వారసత్వం తమ్ముడు ఆండ్రూకి మళ్లింది. 1963 జూన్‌లో కెన్నెడీ ఇక్కడికొచ్చాడని రాయి ఉంది. అమ్మ అక్కడ కళ్లు తుడుచుకుంది.

ఆండ్రూకి బిరుదుతోపాటు అప్పు కూడా వచ్చింది. తండ్రి ఆస్తి ముందే రాసేశాడు కానీ మనిషి పోయాక ఆస్తి మీద పడే పన్ను తప్పాలంటే రాసిన తర్వాత అయిదేళ్లు బతకాలి, 1950లో ఇంకో 14 వారాలు ఉందనగా గుండెపోటుతో పోయాడు. 80 శాతం పన్ను. భూములు అమ్మారు, గొప్ప పెయింటింగులు ఇచ్చేశారు, చివరికి 1959లో బెస్ కట్టిన హార్డ్‌విక్ కూడా ప్రభుత్వానికి అప్పజెప్పి అక్కణ్నుంచి నేషనల్ ట్రస్ట్‌కి వెళ్లింది. చాట్స్‌వర్త్ నిలబడింది, హార్డ్‌విక్ పోయింది.

ఇంకో పూట టైమ్ ఉంటే బేక్‌వెల్ పక్కనే హాడన్ హాల్‌కి వెళ్లండి, అది రట్లాండ్ డ్యూకుల కుటుంబానిది, 16వ శతాబ్దంలో డొరొతీ వెర్నన్ అనే కూతురి పెళ్లితో వాళ్లకొచ్చింది. జనం తక్కువ, పాత వంటగది అద్భుతం, పార్కింగ్‌కి విడిగా కట్టాలి, నేల ఎగుడుదిగుడు కాబట్టి పెద్దవాళ్లకి చెయ్యి పట్టుకుని నడిపించాలి. తిరుగు ప్రయాణం డెర్బీ నుంచైతే కథీడ్రల్‌లో బెస్ సమాధి చూసి రైలెక్కొచ్చు, ఎంట్రీ ఫ్రీ, ప్రార్థన టైమ్ చూసుకుని వెళ్తే చాలు.