కోయాగులేజ్: స్లైడా, ట్యూబా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మాదో చిన్న ల్యాబ్. చీము కల్చర్ ప్లేటు మీద బంగారు రంగు కాలనీలు కనబడగానే స్టాఫ్ ఆరియస్ (స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా) అని రాసెయ్యాలని చెయ్యి దురదపెడుతుంది. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే) ఊదా రంగు గుత్తులు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పడితే బుడగలు. ఇంతవరకూ వస్తే స్ట్రెప్టోకాకస్ అనే వేరే జాతి కాదని తేలినట్టే. (బ్లడ్ అగార్ మీంచి కాలనీ తీస్తూ కాస్త రక్తం గీకినా బుడగలొస్తాయి. అది రక్తం పనే.) స్టాఫ్‌లలో ఇది ఆరియసేనా అన్నది కోయాగులేజ్ పరీక్ష చెప్పాలి. ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవాన్ని, గడ్డకట్టించే ఎంజైమే కోయాగులేజ్.

స్లైడ్ మీద పని సులువు. సెలైన్ చుక్కలో కాలనీ కలిపి ప్లాస్మా వేస్తే 10 సెకన్లలో పలుకులు కడుతుంది. కొన్ని కాలనీలు ప్లాస్మా లేకుండానే పలుకులు కడతాయి కాబట్టి పక్కన వట్టి సెలైన్ చుక్క కూడా పెట్టాలి. అసలు తిరకాసు వేరే. అచ్చమైన ఆరియస్‌లోనే కొన్ని స్లైడ్ మీద నెగెటివ్ వస్తాయి. ఆరియస్ కాని లగ్డునెన్సిస్ అనే మరో స్టాఫ్ మాత్రం పాజిటివ్ చూపించగలదు.

ట్యూబులో అయితే ప్లాస్మా పెరుగులా తోడుకోవాలి. 37 డిగ్రీల దగ్గర 4 గంటలు. ట్యూబును మెల్లిగా వంచి చూడాలే తప్ప ఊపకూడదు. ఓసారి సాయంత్రం పెట్టి ఇంటికెళ్ళిపోయాను. పొద్దున చూస్తే నీళ్ళలా ఉంది. నెగెటివ్ అని రాయబోతుంటే మా మేడమ్ అడ్డుపడి, "రాత్రి ఎవరైనా చూశారా?" అన్నారు. ఎవరూ చూడలేదు. మళ్ళీ పెడితే మధ్యాహ్నానికి గట్టిగా తోడుకుంది! కొన్ని ఆరియస్‌లు స్టాఫైలోకైనేజ్ అనే ఎంజైమ్‌తో, కట్టిన గడ్డను అవే కరిగించేస్తాయి.

ప్లాస్మా కూడా ముఖ్యమే. బ్లడ్ బ్యాంకులో మిగిలింది చవగ్గా వస్తుంది కానీ అది సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) కలిపినది. ఎంటెరోకాకస్ లాంటి వేరే బ్యాక్టీరియా ఆ సిట్రేట్‌ను తినేస్తే కోయాగులేజ్ లేకపోయినా గడ్డకడుతుంది. సిట్రేట్ బదులు ఈడీటీఏ అనే రసాయనం కలిపిన కుందేలు ప్లాస్మాకు పెట్టే డబ్బు దండగ కాదు.

పెద్ద ఆసుపత్రుల్లో మాల్డీ-టాఫ్ అనే యంత్రం నిమిషాల్లో బ్యాక్టీరియా పేరు చెప్పేస్తుంది. మాబోటి వాళ్ళకు అది అందని ద్రాక్షే.

అందుకే నా ఓటు ట్యూబుకే. స్లైడ్ పాజిటివ్ వస్తే డాక్టరుగారికి ఫోన్‌లో చెబుతాను, సంతకం మాత్రం ట్యూబు చూశాకే. ఇప్పుడు ఉదయం 10కే పెట్టేస్తున్నాను. మధ్యాహ్నం 2 గంటలకు తోడుకోకపోతే మర్నాడు 10 దాకా ఉంచి మళ్ళీ చూస్తాను.