వంద డొమైన్ల గడువు ఒకేసారి చూడాలంటే ఏది మేలు: హూయిజ్ ప్రోగ్రామా, ఆర్‌డాప్ స్క్రిప్టా?

బరంపురం పట్టుచీరల షాపులకు, పర్లాకిమిడి, రాయగడ స్కూళ్లకు సైట్లు చేసిపెట్టేవాళ్ల దగ్గర చూస్తుండగానే వంద డొమైన్ల ఎక్సెల్ షీటు తయారవుతుంది. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో ఒక్కొక్కటీ కొడుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. డొమైన్ నమోదు వివరాలు, గడువు అడిగి తెలుసుకునే పాత పద్ధతి హూయిజ్ (WHOIS), దాని స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి ఆర్‌డాప్ (RDAP).

పది, ఇరవై పేర్లే అయితే నిర్‌సాఫ్ట్ వారి హూయిజ్‌దిస్‌డొమైన్ చాలు. ఉచితం, విండోస్‌లో నడుస్తుంది. పేర్లన్నీ అతికిస్తే తగిన సర్వర్‌ను తనే వెతుక్కుంటుంది. చిక్కల్లా హూయిజ్ 43వ పోర్టు (నెట్‌వర్క్‌లో దానికి కేటాయించిన దారి) మీద నడవడమే. కాలేజీ, ఆఫీసు ఫైర్‌వాల్ దాన్ని మూసి ఉంచడం మామూలే. జవాబు కూడా ఒట్టి టెక్స్టు, ఒక్కో రిజిస్ట్రీది (డాట్ కామ్ లాంటి ఒక్కో రకం డొమైన్ల అసలు జాబితా నడిపే సంస్థ) ఒక్కో తీరు. పైగా డాట్ కామ్ లాంటి జెనరిక్ డొమైన్లకు 2025 జనవరి 28 నుంచి హూయిజ్ నడపడం తప్పనిసరి కాదు.

జాబితా పెద్దదైతే ఆర్‌డాపే మేలు. మామూలు వెబ్‌సైట్ల లాగే హెచ్‌టీటీపీఎస్ మీద, ప్రోగ్రాములు తేలిగ్గా చదవగలిగే జేసన్ (JSON) రూపంలో జవాబిస్తుంది కాబట్టి చిన్న పైథాన్ స్క్రిప్టు సరిపోతుంది. ఏ డొమైన్‌కు ఏ సర్వరో, ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల పట్టికలు చూసే ఐయానా (IANA) వారి బూట్‌స్ట్రాప్ ఫైలులో ఉంటుంది. పేరు ముందున్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తీసేసి, ఒక్కో ప్రశ్న తర్వాత రెండు సెకన్లు ఆగండి. 200 పేర్లకు ఏడెనిమిది నిమిషాలు.

బరంపురానికి ఉన్న బెర్హంపూర్, బ్రహ్మపూర్ స్పెల్లింగులు రెండింటితోనూ పేరు ఖాళీగా ఉందా అని చూసేటప్పుడే అసలు పొరపాటు జరుగుతుంది. ఆర్‌డాప్ సర్వర్ జవాబుగా 404 కోడ్ వస్తే ఆ పేరు నమోదు కాలేదని. 429 వస్తే మీరు మరీ తొందరగా అడుగుతున్నారని. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టిన స్క్రిప్టు, ఎవరో ఎప్పుడో కొనుక్కున్న పేరును ఖాళీ అని చూపిస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద 429 బెడద ఎక్కువ, ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు. జవాబుతో పాటు వచ్చే రిట్రై-ఆఫ్టర్ (ఎంతసేపు ఆగాలో చెప్పే సూచన) చెప్పినంతసేపు ఆగి మళ్లీ అడగాలి.

గడువు తేదీని రెండింట్లోనూ గుడ్డిగా నమ్మకూడదు. డాట్ కామ్ గడువు దాటగానే రిజిస్ట్రీ దానంతటదే ఏడాది పొడిగిస్తుంది. షాపాయన పైసా కట్టకపోయినా వచ్చే ఏడాది తేదీ కనిపిస్తుంది. 45 రోజుల్లోపు రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ఆ పొడిగింపును రద్దు చేయొచ్చు. అందుకే స్టేటస్ గడి చూడండి: ‘ఆటో రెన్యూ పీరియడ్’ ఉంటే వెంటనే ఫోన్ చేయాలి. ‘రిడెంప్షన్ పీరియడ్’ (తొలగించాక వెనక్కి తెచ్చుకునే గడువు) అయితే 30 రోజులుంటుంది, అదనపు ఫీజు తప్పదు. ‘పెండింగ్ డిలీట్’ పడితే ఇక వెనక్కి రాదు, ఐదు రోజుల్లో పోతుంది.

ఓనరు పేరు కోసమైతే రెండూ దండగే. 2018లో యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ వచ్చాక చాలావరకు దాచేస్తున్నారు.

దేశాల డొమైన్లకు ఆర్‌డాప్ తప్పనిసరి కాదు. బూట్‌స్ట్రాప్ ఫైలులో లేనివాటిని విడిగా తీసి హూయిజ్‌దిస్‌డొమైన్‌లో వేసుకోండి.