మేడ మీద కేల్ వేయాలా, తోటకూర వేయాలా?

బెజవాడలో మేడ మీద కుండీలు పెట్టేవాళ్ళు ఈమధ్య కేల్ విత్తనాలు అడుగుతున్నారు, వద్దనను గానీ అది క్యాబేజీ జాతి ఆకుకూర, చలికాలం పంట, అక్టోబర్‌లో నారు పోసుకుంటే ఫిబ్రవరి దాకా బాగుంటుంది, మార్చి ఎండ తగిలిందా ఆకు గట్టిపడి చేదెక్కుతుంది. తోటకూరకి ఆ బాధే లేదు, వేడంటేనే దానికి ఇష్టం, మే నెలలో కూడా నీళ్ళు సరిగ్గా పోస్తే గింజ చల్లిన 25-30 రోజులకి కోతకొచ్చేస్తుంది. కేల్‌కి దాదాపు రెండు నెలలు ఆగాలి, కాకపోతే కింది ఆకులు కోసుకుంటూ పోతే అదే మొక్క వారాల తరబడి ఇస్తూనే ఉంటుంది.

పురుగు సంగతి మాత్రం జాగ్రత్తండి. కేల్ ఆకు తిప్పి చూడండి, ఈనె పక్కన బూడిదరంగు పేనుబంక గుంపులుగా అంటుకుని ఉంటుంది, పైపు నీళ్ళతో గట్టిగా కడిగి సాయంత్రం పూట వేపనూనె కొట్టాలి. తోటకూరకీ ఆకు తినే పురుగు వస్తుంది గానీ పీకేసి మళ్ళీ చల్లుకోవచ్చు, పోయేదేం లేదు.

నన్నడిగితే ఏడాదంతా తోటకూరే, కానీ కిడ్నీలో రాళ్ళ సమస్య ఉన్న ఇంట్లో చలికాలం కేల్ తప్పకుండా వేయమంటాను, ఎందుకంటే రాళ్ళు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్లో తోటకూర కంటే బాగా తక్కువ, కాల్షియం కూడా ఒంటికి బాగా పడుతుంది. పప్పులో వేసేటప్పుడు మధ్య ఈనె తీసేయండి, అది ఓ పట్టాన ఉడకదు.