నల్లమల అంచున ఉండి ఏళ్ల తరబడి వాడాక ఫర్మ్స్ మ్యాప్ మీద నా మాట

మాది నల్లమల అంచున ఊరు. ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైతే తొలకరి పడేదాకా మాకు అగ్గి భయమే. ఉపగ్రహాలకు ఆనిన మంటలను చుక్కలుగా చూపే నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్ ఆ నెలల్లో నా ఫోన్‌లో తెరిచే ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, చూడ్డానికి ఖాతా కూడా అక్కర్లేదు.

అయితే దీన్ని ఫైర్ అలారం అనుకుని నమ్ముకోవద్దు. వివరంగా చూపే వీర్స్ పరికరం ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. ఆపైన చుక్క మ్యాప్ మీదికి రావడానికి 3 గంటల దాకా పట్టొచ్చు. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న మంట వీర్స్ చుక్కగా తెల్లవారుజాముకు గానీ కనబడకపోవచ్చు.

చుక్కను నొక్కి చూడడం అలవాటు చేసుకోండి. సమయం, ఉపగ్రహం పేరు, ఎంతవరకు నమ్మొచ్చు, మంట శక్తి ఎన్ని మెగావాట్లు అన్నీ వస్తాయి. సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి: 8.10 అంటే మనకు మధ్యాహ్నం 1.40. ఉపగ్రహం నేలను గడులు గడులుగా చూస్తుంది: వీర్స్ గడి 375 మీటర్లు, పాత పరికరం మోడిస్ గడి కిలోమీటరు. ఆ గడిలో ఎక్కడ వేడి ఉన్నా చుక్క పడేది నడిమధ్యనే. అందుకే చుక్క వాగుకు ఇవతల ఉన్నా మంట అవతలి గట్టున ఉండొచ్చు.

నాకు దీని అసలు ఉపయోగం వరుసలో కనిపించింది. నిన్న మధ్యాహ్నం, రాత్రి, ఇవాళ మధ్యాహ్నం పడ్డ చుక్కలను కలిపి చూస్తే మంట ఎటు పాకుతోందో, ఫైర్ లైన్ (మంట ఆగడానికి శుభ్రం చేసి ఉంచే బాట) దాటిందో లేదో తెలుస్తుంది. అడవి మంటలకు కాపలా ఉండే ఫైర్ వాచర్లతో మాట్లాడేటప్పుడు పనికొచ్చేది ఇదే. రాత్రి చుక్కల మీద నాకు గురి ఎక్కువ, ఎండకు కాగిన బండలను మంట అనుకునే గొడవ ఉండదు.

మా అడవిలో ఎక్కువగా నేలమంటలే. ఇప్పపువ్వు ఏరడానికని చెట్టు కింద ఆకు తగలబెడతారు, పశువులకు కొత్త గడ్డి రావాలని బోదగడ్డిని కాలుస్తారు. అది సన్నగా పాకుతూ పోతుంది. పైన మబ్బు కమ్మినా, మంట మరీ చిన్నదైనా ఉపగ్రహానికి ఆనదు. చుక్క లేదని నిశ్చింతగా ఉంటే అడవికే నష్టం.

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ మీద కనిపించే చుక్కల్లో చాలావరకు యాసంగి వరి కొయ్యకాళ్ల మంటలు. ఉక్కు ఫ్యాక్టరీల మీద ఏడాది పొడుగునా చుక్కలు పడుతుంటాయి. వెనక ఉపగ్రహ చిత్రం పెట్టుకుని అది పొలమా, అడవా చూసుకోవాలి.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇలాంటి ఉపగ్రహ సమాచారాన్నే అటవీ హద్దులతో జల్లెడపట్టి ఎస్‌ఎంఎస్ పంపుతుంది, మామూలు జనం కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. ఫర్మ్స్‌లో ఈమెయిల్ అలర్ట్ ఉంది గానీ, నెట్ సరిగా అందని గూడేలకు ఎస్‌ఎంఎసే నయం.