స్కిమ్మర్ మంచిదే, ముందు చేపల ట్యాంక్ కింది సంప్‌లో నీటిమట్టం చూసుకోండి

ఉప్పునీటి చేపల ట్యాంక్ నీళ్లలోని మురికిని నురుగుగా లాగేసే ఈ స్కిమ్మర్ ఆరు నెలలు వాడాక రాస్తున్నాను. మొదటి వారంలోనే రాసి ఉంటే ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిపోసేవాణ్ణి, తప్పు నాదేనని తర్వాత తెలిసింది.

నాది 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక ఎల్లో టాంగ్, ఒక గోబీ, నాలుగైదు సాఫ్ట్ కోరల్స్. ఇంతకుముందు ఒక క్యానిస్టర్ ఫిల్టర్ (లోపలి స్పాంజ్ గుండా నీళ్లు తిప్పే డబ్బా), ట్యాంక్ వెనక తగిలించే చిన్న స్కిమ్మర్, అంతే. నీళ్లు అద్దంలా ఉండేవి గానీ టెస్ట్ చేస్తే నైట్రేట్ 40 పీపీఎం దగ్గర తిష్ఠ వేసుకుని కూర్చునేది. నీళ్లు మారిస్తే రెండు రోజులు తగ్గడం, మళ్లీ మామూలే. చేపలు తినకుండా వదిలేసిన మేత, వాటి వ్యర్థం అంతా క్యానిస్టర్ స్పాంజ్‌లో చిక్కుకుని అక్కడే కుళ్లుతుంది, బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చి చేతులు దులుపుకుంటుంది. స్పాంజ్‌ని వారం వారం కడిగేవాళ్లకు ఇబ్బంది లేదు, నేను రెండు నెలలకోసారి విప్పే రకం.

అందుకే ట్యాంక్ కింద క్యాబినెట్‌లో సంప్ (ట్యాంక్ నీళ్లు దిగి మళ్లీ పైకి వెళ్లే, అడ్డుగోడలతో గదులుగా ఉన్న తొట్టి) పెట్టి, అందులో దించే ఈ కోన్ ఆకారపు స్కిమ్మర్ కొన్నాను. పని చేసే తీరు సముద్రం ఒడ్డున చూసేదే, అలలు విరిగే చోట నురుగు పేరుకున్నట్టు. పంప్‌లోని సూదుల చక్రం గాలిని సన్నటి బుడగలుగా చితక్కొడుతుంది, నీళ్లలో కరిగిన సేంద్రియ పదార్థం బుడగల చుట్టూ అంటుకుని నురుగుగా మెడలోకి ఎక్కి పైన మురికి పట్టే గిన్నెలాంటి కప్పులో పడుతుంది. అంటే కుళ్లి నైట్రేట్ అవ్వకముందే చాలా సరుకు బయటికి వచ్చేస్తుంది. మంచినీటి ట్యాంక్‌కి మాత్రం కొనకండి, అందులో ఇంత సన్నటి బుడగలు నిలవవు.

ఇక నా మొదటి వారం. ఒక రోజు కప్పు ఎండిపోయి ఉండేది, మర్నాడు పొంగిపోయి పోగైన మురికంతా మళ్లీ సంప్‌లోకే పోయేది. నురుగు ఎత్తు సరిచేసే వాల్వ్ తిప్పీ తిప్పీ విసుగొచ్చింది. చివరికి తేలిందేంటంటే, నేను దాన్ని నీళ్లని తిరిగి పైకి తోడే రిటర్న్ పంప్ ఉండే గదిలో పెట్టాను. నీళ్లు ఆవిరైతే మట్టం తగ్గేది అక్కడే. రెండు అంగుళాలు తగ్గితే నురుగు మెడ దాకా ఎక్కదు, నేను మంచినీళ్లు పోయగానే ఎగదన్నుతుంది. అడ్డుగోడ వల్ల మట్టం కదలని మొదటి గదికి మార్చాను, అక్కడ నీళ్లు 10 అంగుళాలు, దీనికి కావాల్సింది 8, కాబట్టి కింద రెండంగుళాల యాక్రిలిక్ పీట. ఆ రోజు నుంచి వాల్వ్ ముట్టుకున్నది మహా అయితే మూడుసార్లు. ఈ ఒక్క ముక్క మాన్యువల్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఎక్కడో చివర్లో చిన్నగా ఇచ్చారు.

కొత్తదాన్ని పెట్టే ముందు వెనిగర్ కలిపిన నీళ్లలో ఒక పూట నడపండి, తయారీలో అంటుకున్న జిడ్డు పోతుంది. అయినా కుదురుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. ఒకసారి కోరల్ ముక్కని ఎపాక్సీతో రాయికి అతికించాను, ఆ రాత్రంతా స్కిమ్మర్‌కి పిచ్చెక్కినట్టు నురుగే నురుగు. అలాంటప్పుడు కప్పు తీసి పక్కన పెట్టేయడమే.

ఇప్పుడు మూడు రోజులకోసారి కప్పు ఖాళీ చేస్తున్నాను. నల్లటి టీ డికాక్షన్ రంగు, మూత తీస్తే మురికికాలువ వాసన, ఇంట్లోవాళ్లు బాల్కనీలోకి తోలేస్తారు. మెడ లోపల పేరుకున్న జిగటని వేలితో తుడిచిన రోజు నురుగు బాగా ఎక్కుతుంది, తుడవకపోతే నీరసంగా ఉంటుంది. గాలి గొట్టం కొసన ఉప్పు గడ్డకడుతుంది, నెలకోసారి గోరువెచ్చటి నీళ్లు లాగిస్తే చాలు.

నైట్రేట్ రెండున్నర నెలల్లో 10కి దిగింది. క్రెడిట్ అంతా స్కిమ్మర్‌కి ఇవ్వలేను. సంప్‌లోకి నీళ్లు దిగే చోట 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి) కట్టి వారానికి రెండుసార్లు మారుస్తున్నాను, వారం వారం పది శాతం నీళ్లు మార్చడం కూడా ఆపలేదు. క్యానిస్టర్‌ని మాత్రం ఒక్కసారిగా పీకేయలేదు, బ్యాక్టీరియా అందులోనూ కాపురం ఉంటుంది కదా, నెల పాటు కొంచెం కొంచెంగా మీడియా (బ్యాక్టీరియా పట్టే స్పాంజ్ లాంటివి) తీస్తూ అమ్మోనియా టెస్ట్ చేసుకుంటూ వచ్చాను.

నచ్చనివి రెండు. పెట్టె మీద 600 లీటర్ల ట్యాంక్‌కి సరిపోతుందని రాశారు, చేపలు నామమాత్రంగా ఉంటేనే ఆ లెక్క, నా 300కి ఇది సరిగ్గా సరిపోయిందంతే. రెండోది, గాలి పీల్చే చోట రాత్రిపూట సన్నగా ఈల వినిపించేది. ఆ గొట్టాన్ని పొడిగించి కిటికీ బయటికి పెట్టాక ఈల పోయింది, పైగా తలుపులు మూసిన గదిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చడం తగ్గి పొద్దున్నే చూసే పీహెచ్ కూడా 7.8 నుంచి 8కి వచ్చింది. ఇది అనుకోకుండా కలిసొచ్చింది.

నాలుగు స్టార్లు. పాత క్యానిస్టర్ ఇంకా ఉంది, నీళ్లు పసుపు తిరిగితే అందులో రంగు పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ వేసి రెండు రోజులు తిప్పి మళ్లీ అటక మీద పెట్టేస్తున్నాను.