నాలుగు మందుల బిల్లు వెళుతోంది, నలభై మందులది వెళ్లడం లేదు

బేగంపేటలోని మా ఆఫీసు సర్వరుకూ బాలానగర్ గోదాములోని సర్వరుకూ మధ్య 10 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ (మా కోసమే అద్దెకిచ్చే ప్రత్యేక నెట్‌వర్కు లైను) వేయించి ఆరేళ్లు కావస్తోంది. వేగం, ధర, ఒప్పందంలోని హామీల గురించి నేను రాయను. అవి అమ్మడానికి వచ్చేవారు ఎటూ చెబుతారు. నా కోపమంతా లైను ఇచ్చిన కంపెనీవాళ్లు చెప్పే ఒక్క మాట మీద: "సార్, మా వైపు నుంచి లింకు బాగానే ఉంది."

మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. వానాకాలంలో ఒక సోమవారం ఉదయం గోదాములో లెక్కలు చూసే అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, నాలుగు మందులున్న బిల్లు వెళుతోంది. నలభై ఉన్నది కదలడం లేదు." నేను నవ్వాను. నెట్‌వర్కుకు మందులు లెక్కపెట్టడం రాదక్కా అన్నాను. ఆ నవ్వు ఖరీదు మూడు రోజులు.

ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేరును అనుమానించాను, తరువాత యాంటీవైరస్‌ను, ఆ తరువాత పాపం ఏమీ ఎరగని స్విచ్చును. ఫిర్యాదు ఇస్తే పైన రాసిన మాట చెప్పి రెండుసార్లు మూసేశారు. పింగ్ చేస్తే, అంటే అవతలి సర్వరును చిన్న పలకరింపుతో పలకరిస్తే, నిజంగానే ఒక్కటీ తప్పకుండా జవాబు వస్తోంది. కాని విండోస్‌లో మామూలు పింగ్ మోసేది 32 బైట్లే. పోస్టుకార్డు చేరింది కనుక పార్సిలూ చేరుతుందని వాళ్లూ నమ్మారు, నేనూ నమ్మాను. ఎప్పుడూ రెండు మిల్లీసెకన్లలో వచ్చే జవాబు ఆ రోజు తొమ్మిది తీసుకోవడం కళ్లారా చూసి కూడా పట్టించుకోలేదు.

బుధవారం రాత్రి గోదాములో అట్టపెట్టెల మధ్య కూర్చుని, ముక్కలు చేయవద్దనే గుర్తు తగిలించి పెద్ద పింగ్‌లు పంపాను. 1472 బైట్లు వెళ్లాలి. దానికి 28 బైట్ల హెడర్లు (కవరు మీద చిరునామా లాంటివి) కలిస్తే 1500, ఈథర్నెట్‌లో ఒక్క ప్యాకెట్టు మోయగల మామూలు హద్దు. వెళ్లలేదు. 1400 వెళ్లింది. పెంచుతూ తగ్గిస్తూ పోతే 1448 దగ్గర జవాబు వచ్చింది, 1449 దగ్గర మౌనం. తేడా సరిగ్గా 24 బైట్లు. జీఆర్ఈ అనే టన్నెల్ పద్ధతి తన కోసం తీసుకునేది అంతే: కొత్త ఐపీ హెడరుకు 20, తనకు 4. అంటే దారిలో ఎవరో మా కవరును ఇంకో కవరులో పెడుతున్నారు.

ఈ అంకెలు చెప్పాక మొదటిసారి ఒక ఇంజనీరు ఫోను పెట్టేయకుండా విన్నాడు. శనివారం రాత్రి రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగిందట, మమ్మల్ని టన్నెల్ మీదుగా వేరే దారికి మార్చారట. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్లు, ఏడు కిలోమీటర్లైనా లేని బాలానగర్‌కు మా బిల్లులు ఎక్కడెక్కడ తిరిగి వస్తున్నాయో! మాకు ముందుగా ఒక్క మెసేజీ లేదు.

సగం తప్పు నాదేనని కూడా రాయాలి. ఇలాంటప్పుడు మధ్యలోని రౌటర్ "ఇది పెద్దది, చిన్నది చేసి పంపు" అని ఐసీఎంపీ (పింగ్ కూడా వాడే నెట్‌వర్కు కబుర్ల పద్ధతి) ద్వారా తిరిగి చెబుతుంది. 1990లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1191 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నుంచీ, మా బిల్లుల్లాంటి డేటాను మోసే టీసీపీ ఆ కబురు మీదే ఆధారపడుతోంది. భద్రత పేరుతో గోదాము ఫైర్‌వాల్‌లో పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీ అంతా ఆపేసింది నేనే. అందుకే తెర మీద కారణం రాలేదు, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని మాత్రమే వచ్చింది. ఆ కబురుకు దారి వదిలి, ఎందుకైనా మంచిదని ఎంఎస్ఎస్‌ను (టీసీపీ ఒక్కో ప్యాకెట్టులో పెట్టే డేటా హద్దును) 1436కు కట్టేశాను. నలభై మందుల బిల్లు రెప్పపాటులో వెళ్లింది.

ఇదివరకు అడిగినవారికి "వేయించుకుని మరిచిపోవచ్చు" అని చెప్పేవాణ్ని. పూర్తిగా తెగిపోయిన సందర్భాలు ఆరేళ్లలో ఒక చేతి వేళ్లకు మించలేదు, అది నిజం. అయితే ఆ మూడు రోజులు కూడా వాళ్ల నెలవారీ నివేదికలో "లింకు ఉన్నట్లే" లెక్కకు వచ్చాయి.

మార్చిలో ఒప్పందం ముగుస్తుంది. స్టాకు సర్వరు రోజంతా కలిసే ఉండాలి కనుక మేము బహుశా కొనసాగిస్తాం. బిల్లులు మాత్రమే పంపుకునే చిన్న దుకాణమైతే రెండు బ్రాడ్‌బ్యాండ్‌ల మీద వీపీఎన్ (మామూలు ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత టన్నెల్) సరిపోవచ్చు, కాకపోతే ఈ హెడర్ల గొడవ అక్కడా ఉంటుంది. నేను మాత్రం రోజూ ఉదయం ఆరింటికి 1472 బైట్ల పింగ్ దానంతట అదే వెళ్లేలా పెట్టాను. అక్క దాన్ని నమ్మదు. ఆఫీసు తెరవగానే నలభై మందుల నమూనా బిల్లు ఒకటి పంపి, అది చేరిందని నాకు ఫోను చేస్తుంది.