‘గాడ్స్ ఆఫ్ ది అరీనా’కి కొనసాగింపు తీస్తే ఆ ఇంట్లోనే తీయాలి

రోమన్ల మీద తిరగబడ్డ బానిస గ్లాడియేటర్ (జనం ముందు కత్తిపోటీల్లో దిగేవాడు) స్పార్టకస్ కథతో వచ్చిన టీవీ సీరియల్‌లో భాగంగా ‘స్పార్టకస్: గాడ్స్ ఆఫ్ ది అరీనా’ 2011లో వచ్చింది. ఉన్నవి ఆరే ఎపిసోడ్లు. అప్పటి నుంచి అడపాదడపా మళ్లీ పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. మిగతా సీజన్లయితే నచ్చిన ఫైట్ల దగ్గరికి జరుపుకుంటూ వెళ్లిపోతాను గానీ, దీన్ని మొదలుపెడితే చివరిదాకా వదలబుద్ధి కాదు.

నిజానికి ఇది ముందే అనుకుని తీసింది కాదు. మొదటి సీజన్‌లో స్పార్టకస్‌గా వేసిన ఆండీ విట్‌ఫీల్డ్‌కు 2010లో క్యాన్సర్ బయటపడింది. ఆయన కోలుకుని వచ్చేలోపు స్టార్జ్ చానల్ కథను వెనక్కి జరిపి, స్పార్టకస్ అడుగుపెట్టక ముందు ఇటలీలోని కాపువా ఊళ్లో, గ్లాడియేటర్లను సాధన చేయించి పోటీలకు దింపే బాటియాటస్ ఇల్లు ఎలా ఉండేదో చూపించింది. పాపం, ఆయన మళ్లీ రాలేకపోయారు. 2011 సెప్టెంబరులో, 39 ఏళ్లకే పోయారు. తర్వాతి రెండు సీజన్లలో ఆ వేషం లియామ్ మెకింటైర్ వేశారు.

హీరోయే లేని ఈ కథ ఇన్నేళ్ల తర్వాత కూడా పట్టుకుని కూర్చోబెడుతోందంటే అది కత్తుల మహిమ కాదు, ఆ ఇంటి మహిమ. కింద ఇసుకలో గ్లాడియేటర్ల సాధన, పైన బాల్కనీలో యజమానుల మంతనాలు. తండ్రి టైటస్ ఎదురుపడితే నోరు పెగలని కొడుకు బాటియాటస్. కోడలి పొడ గిట్టని మామ. ఐదో ఎపిసోడ్‌లో ఆ కోడలు లుక్రీషియా మామగారికి విషం కలిపిన మద్యం పోస్తుంది. ఆ ఘట్టంలో లుక్రీషియాగా వేసిన లూసీ లాలెస్ ముఖం చూడండి: కోపం లేదు, కంగారు లేదు, ఇంటి పని ఒకటి ముగించుకుంటున్నట్టు ఉంటుంది. అదే మద్యం ఆ ఇంటి బానిస మెలిట్టా చేతికీ వెళ్తుంది. ఆమె ఆ ఇంటి గ్లాడియేటర్ గానికస్ దగ్గర కూర్చుని తాగుతుంది. ఆమె భర్త ఓనోమాస్ గానికస్‌కి ప్రాణస్నేహితుడు. మొదటి సీజన్ చూసినవాళ్లకు ఓనోమాస్ భార్యను పోగొట్టుకున్నాడని తెలుసు. ఎలా పోయిందో తెలియదు. తెలిసిన చావు కోసం ఎదురుచూడటంలో ఉండే టెన్షన్ వేరు.

లోపాలూ లేకపోలేదు. కంప్యూటర్‌లో చల్లిన రక్తం అప్పట్లోనే అతిగా ఉండేది, ఇప్పుడైతే నవ్వొస్తుంది. స్లో మోషన్ సగానికి తగ్గించినా నష్టం లేదు. పడకగది సీన్లు కథకు కావాల్సినన్ని కొన్ని, చానల్‌కు కావాల్సినన్ని మరికొన్ని.

దీనికి కొనసాగింపు అనగానే చాలామంది గానికస్ పేరే ఎత్తుతారు. స్వేచ్ఛ దొరికాక ఊళ్లు పట్టుకు తిరిగిన అతని కథ కావాలంటారు. నాకు ఒప్పదు. ఆ వేషం డస్టిన్ క్లేర్ ఎంత బాగా చేసినా, ఆ ఇల్లు దాటితే గానికస్ తాగి కత్తి తిప్పే ఇంకో మొనగాడే. అసలు ఖాళీ వేరే ఉంది. దీని చివర్లో కొత్త అరీనా (పోటీల మైదానం) ప్రారంభమైన రోజుకీ, స్పార్టకస్ బానిసగా దిగిన రోజుకీ మధ్య ఏం జరిగింది? సొలోనియస్‌తో బాటియాటస్ స్నేహం పగగా ముదిరిన తీరు, గ్లాడియేటర్ క్రిక్సస్ చాంపియన్‌గా ఎదిగిన తీరు, కాలు విరిగిన గ్లాడియేటర్ ఆషుర్ పద్దులు రాసుకుంటూ అందరి గుట్టూ పట్టిన తీరు. ఒక సీజన్‌కు సరిపడా సరుకు. చరిత్ర కూడా అడ్డు చెప్పదు. క్రీ.పూ. 73లో కాపువా నుంచి డెబ్బై మంది దాకా వంటింటి కత్తులతో పారిపోయారనీ, 71లో రోమన్ సేనాని క్రాసస్ ఆ తిరుగుబాటును అణిచాడనీ పాతవాళ్లు రాశారు. క్రిక్సస్, ఓనోమాస్, గానికస్‌ల పేర్లయితే ఉన్నాయి గానీ, అంతకుముందు వాళ్ల బతుకు గురించి దాదాపు ఏమీ లేదు.

2025 డిసెంబరులో వచ్చిన ‘హౌస్ ఆఫ్ ఆషుర్’ మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది. అంతవరకు సంతోషం. కానీ వెసూవియస్ కొండ మీద చచ్చిన ఆషుర్ బతికుంటే, రోమన్లు ఆ ఇల్లు అతనికే ఇస్తే, అన్న ఊహ మీద నడుస్తుంది. సీరియల్ సృష్టికర్త స్టీవెన్ డినైట్ రాతలో పదును అలాగే ఉంది, ఆషుర్‌గా నిక్ తరాబే ఒక్కడే బండి లాగేస్తాడు. అయినా ఎవరైనా బతకొచ్చు, ఎవరైనా పోవచ్చు అన్నాక ఆ పాత బిగింపు సడలింది.

కొత్తగా చూసేవాళ్లు మొదటి సీజన్ ‘బ్లడ్ అండ్ శాండ్’ పదమూడు ఎపిసోడ్లూ అయ్యాకే దీనికి రండి. కాలక్రమం అని ముందు దీన్ని చూస్తే సగం రుచి పోతుంది. హాల్లో టీవీలో మాత్రం పెట్టకండి, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.